నవాబు అలీ నవాజ్ జంగు బహద్దరు : కాలువ వెంట వెలసిన ఊళ్ళు

బాన్సువాడ నుండి వర్ని మీదుగా బోధను వైపు ప్రయాణము చేయు వారికి దారి పొడుగున రెండు తెఱగుల గ్రామములు కానవచ్చును. మొదటివి పూర్వకాలపు ఊళ్ళు. చెరువును, గుడిని, గడిని ఆశ్రయించుకొని తరతరములుగ నిలిచినవి. రెండవవి క్యాంపులను పేర బరగు నూతన గ్రామములు. వీనికి కాలువయే తల్లి. చెరువు కట్టించినవారి పేరు ఊరివారు మఱవరు. కాని యీ కాలువకు మూలపురుషుడెవ్వరో యెఱిగినవారు నేడు మనలో నెందఱు కలరు? ఆ మహాశయుని జీవితము నొకమారు స్మరించుట మనకు విధి.

మీర్ అహమ్మదలీ గారు 1877 సంవత్సరము జూలై 11వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించిరి. నిజాము కళాశాలలో విద్యాభ్యాసము ముగించి, 1896లో ప్రభుత్వపు విద్యార్థివేతనముతో ఇంగ్లండునకు బోయి, కూపర్స్ హిల్ ఇంజనీరింగు కళాశాలలో చేరిరి. హిందూదేశపు రోడ్లకును, నదులకును ఇంజనీర్లను తరిఫీదు చేయుటకే ఆంగ్లేయులు ఆ కళాశాలను స్థాపించి యుండిరి. 1899లో స్వదేశమునకు మరలివచ్చి, మరామత్తు శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా గొలువునకు చేరి, క్రమముగ నున్నతిగాంచి, 1918లో చీఫ్ ఇంజనీరు పదవి నధిష్ఠించిరి. అలీ నవాజ్ జంగు అనునది వారికి లభించిన బిరుదము. తుదకు బిరుదమే పేరై నిలిచినది.

1908లో మూసీనది పొంగి నగరమును ముంచిన యుత్పాతము వారి యౌవనమున జరిగినది. అనంతరము మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సూచనలను బట్టి నిర్మింపబడిన ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియయ్యెను. నగరమునకు వఱదభయము తగ్గి, త్రాగునీరు సమకూడెను. కాని నవాబుగారి దృష్టి నగరముతో నాగలేదు. గోదావరికి ఉపనదియగు మంజీరకు అచ్చంపేట చెంత అడ్డకట్ట వేయుటకు 1923లో పనులారంభమై 1931లో ముగిసెను. అదియే నిజాంసాగరము. రెండు లక్షల డెబ్బదియైదువేల యెకరములకు నీరందింపవలెనని సంకల్పము. విదేశీయులే ఘనకార్యములకు సమర్థులను భ్రాంతి ప్రబలియున్న దినములలో, స్వదేశీయుడగు ఇంజనీరు నాయకత్వమున నిట్టి నిర్మాణము జరుగుట సామాన్య విషయము కాదు.

అయితే కట్ట లేచినప్పుడు కొంత భూమి మునిగెను. మంజీర గర్భమున పలు గ్రామములు కలిసిపోయెను. తాతముత్తాతల నాటి యిండ్లు, పొలములు, శ్మశానములు విడిచి లేచిపోయినవారి పేర్లు ఏ శిలాఫలకము మీదను చెక్కబడలేదు. దిగువ రైతు కంచములోని ప్రతి మెతుకులో ఎగువవాని త్యాగము కలదని మనము మఱువరాదు.

నీరు వచ్చినది. వెంటనే సిరి వచ్చెనా యన్నచో, రాలేదనవలయును. కాలువ పూర్తియైన యేడులోనే ప్రపంచమంతటను ఆర్థికమాంద్యము ప్రబలి ధాన్యపు ధర పడిపోయి యుండెను. చెరువు క్రింద కొలదిగ వరియు, మెట్టను జొన్నయు పండించుకొను స్థానిక రైతుకు, పొలము చదును చేయుటకు, గట్లు వేయుటకు, ఎడ్లను కొనుటకు పెట్టుబడి యేదీ? ఆ సమయమున కృష్ణా, గుంటూరు, గోదావరి మండలముల నుండి రైతులు రాజొచ్చిరి. ధవళేశ్వరమున 1852లోను, బెజవాడలో 1855లోను ఆనకట్టలు పూర్తియైనది మొదలు కాలువ సేద్యమును మూడు తరములుగ నెఱిగినవారు వారు. అచ్చట కొద్ది భూమి నమ్మి యిచ్చట హెచ్చు భూమిని కొనిరి. అడవిని నఱకి, జ్వరములకు తాళి, క్యాంపులు వేసిరి. తాత్కాలికమను నర్థముగల యా మాటయే శాశ్వత గ్రామనామమైనది. భూమి నమ్ముకొన్న స్థానికులలో కొందఱు ఆ భూమిలోనే కూలికి పోవలసివచ్చెను. వచ్చినవాడు కష్టజీవి, ఉన్నవాడు నష్టజీవి. ఇరువురిలో నెవ్వరిని పరాయివానిగ నెంచినను న్యాయము కాదు. కాని కాలువ పటమును గీచిన సర్కారు, ఆ నీటిని వాడుకొను శక్తిని స్థానిక రైతునకు గూడ కలిగించి యుండిన నీ తారతమ్యము కొంత తగ్గి యుండెడిది కాదా?

పిదప చక్కెర వచ్చినది. అంతవఱకు మన బజారులలో జావా చక్కెర విరివిగ నమ్ముడగుచుండెను. దిగుమతి సుంకములతో దేశీయ పరిశ్రమకు రక్షణ కల్పించు శాసనము 1932లో వెలువడినంతనే దేశమంతటను చక్కెర మిల్లులు లేచినవి. మంజీర నీటితో చెఱకు పండు బోధనులో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నెలకొనెను. దాని చుట్టును శక్కర్‌నగర మను పేటయే వెలసెను. సముద్రముల కావలి ద్వీపపు బేరము, ఢిల్లీలోని శాసనము, విదేశములలో నేర్చిన విద్య, ఈ మూడును గలిసి మంజీరా తీరపు జనావాసమును మార్చివేసిన విధము గమనింపదగినది.

నవాబుగారి ప్రజ్ఞను నిజాము రాష్ట్రము మాత్రమే కాక దేశమంతయు గుర్తించెను. 1938లో కాంగ్రెసు అధ్యక్షులు సుభాసచంద్ర బోసుగారు నెలకొల్పగా, జవహర్‌లాల్ నెహ్రూగారు అధ్యక్షత వహించిన జాతీయ ప్రణాళికా సంఘమున నీటిపారుదల ఉపసంఘమునకు వీరే అధ్యక్షులైరి. 1949 డిసెంబరు 6వ తేదీన వీరు పరమపదించిరి. వారి జన్మదినమును తెలంగాణమున ఇంజనీర్ల దినముగ జరుపుచున్నారు.

వారి యనంతరము మంజీర కథ మఱియొక మలుపు తిరిగెను. ఒండ్రు చేరి జలాశయపు పరిమాణము చాల తగ్గినది. ఎగువన సింగూరు కట్టి ఆ నీటిని రాజధాని దాహము తీర్చుటకు మళ్ళించిరి. బోధను మిల్లు 2015లో మూతపడగా, శక్కర్‌నగరమునకు పేరు మిగిలినది, చక్కెర లేదు. ఒక్క నీటిని, ఒక్క యంత్రమును నమ్మి వెలసిన ఊరు, అవి తప్పిననాడు దిక్కులేనిదగును.

నేడును జలాశయములకు, రాజమార్గములకు, కర్మాగారములకు పటములు గీయుచునే యున్నారు. ఆ గీతలు భూమిపై మాత్రమే పడవు, సంసారములపై గూడ పడును. ఎవరు లేచిపోవలెనో, ఎవరు వచ్చి చేరుదురో, మూడు తరముల పిమ్మట ఆ యూరు దేనిచే బ్రతుకునో, ఈ మూడు ప్రశ్నలకును జవాబు వ్రాసిన పిదపనే పునాదిఱాయి వేయుట ధర్మము. అలీ నవాజ్ జంగు గారి కాలువకు మనమెంతయు ఋణపడియున్నాము. వారి తరము అడుగ మఱచిన ప్రశ్నలను మనము మఱువకుండుటయే ఆ ఋణము తీర్చుకొను మార్గము.