వచన పితామహుడు హళకట్టి

ఒకప్పుడు మఠములలోను, పెద్ద గృహములలోను తాళపత్ర గ్రంథములు గుడ్డలో కట్టబడి పూజామందిరమున నుండెడివి. విభూతి పెట్టి మ్రొక్కువారేగాని వానిని విప్పి చదువువారు అరుదు. చెదలును చెమ్మయు వానిని హరించుచుండెను. ఆ కట్టలను విప్పించి శరణుల వచనములను లోకమున కందించిన పుణ్యమూర్తి, న్యాయవాది ఫకీరప్ప గురుబసప్ప హళకట్టిగారు.

వీరు 1880 జూలై 2వ తేదీన ధార్వాడలో జన్మించిరి. తండ్రి గురుబసప్పగారు ఉపాధ్యాయులు, కన్నడ రచయిత. ఫకీరప్పగారు బొంబాయిలో విద్య నభ్యసించి, 1904లో న్యాయశాస్త్ర పట్టభద్రులై, కొంతకాలము బెళగాంలోను, పిదప బిజాపురములోను వకీలు వృత్తి నవలంబించిరి. ఆ బిజాపురమే నేటి విజయపుర. ఆ వృత్తిలో పేరును ధనమును సమకూడెను. 1910లో లింగాయత విద్యాసంస్థకును, 1912లో సిద్ధేశ్వర సహకార బ్యాంకునకును అచ్చట పునాదులు వేసినవారిలో వీరు ముఖ్యులు.

అయినను వీరి మనసు తాళపత్రములయందే లగ్నమై యుండెను. ఊరూర తిరిగి, ఇంటింట నడిగి, ప్రతులను సేకరించి, పాఠములను పోల్చి శుద్ధప్రతులు వ్రాసికొనిరి. అచ్చునకై తొలుత మంగళూరునకు పంపిన వ్రాతప్రతి తిరిగివచ్చెను. వీరు నిరాశ చెందలేదు. 1923లో బెళగాంలో 'వచన శాస్త్రసారము' మొదటి భాగమును అచ్చువేయించిరి. అంతకుముందు సుమారు 50 మంది వచనకారుల పేర్లే తెలిసియుండగా, వీరి కృషివలన 250 మందికి పైగా వెలుగులోనికి వచ్చిరి.

పరుల ముద్రణాలయములపై నాధారపడిన పని సాగదని తలచి, సొంత ఇంటిని విక్రయించి 1925లో హితచింతక ముద్రణాలయమును నెలకొల్పిరి. మరుసటి యేట 'శివానుభవ' పత్రికను ప్రారంభించిరి. వకీలు వృత్తి వెనుకబడెను, రాబడి తగ్గెను. గృహస్థుడు ఇల్లమ్మినచో ఆ భారము అతడొక్కడే మోయడు; ఇల్లాలును బిడ్డలును మోయుదురు. హళకట్టిగారి కుటుంబమును అద్దె యింట నా లేమిని పంచుకొన్నది. వచనముల నచ్చులో చదువు మనము ఆ కుటుంబమునకును ఋణపడి యున్నాము.

1926లో బళ్ళారి కన్నడ సాహిత్య సమ్మేళనమునకు వీరు అధ్యక్షులైరి. 1956లో కర్ణాటక విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటు నొసంగెను. బిరుదులు వచ్చినను జీవనము మారలేదు. వార్ధక్యమునను చిరిగిన కోటుతోనే తిరుగుచు, ప్రూఫులు దిద్దుచు కాలము గడపిరి. 84 ఏండ్లు నిండుటకు మూడు దినములు మిగిలియుండగా, 1964 జూన్ 29న లింగైక్యము చెందిరి.

కాయకమన నేమో, దాసోహమన నేమో ఈ గృహస్థుని జీవితమే చెప్పుచున్నది. మన యిండ్లలో నేటికిని విప్పని కట్ట యేదైన నున్నచో, మ్రొక్కి ఊరకుండక విప్పి చదువుదము. చదువరాకున్న చదువగలవారి కందింతము. హళకట్టిగారికి మనము చేయదగిన పూజ యదియే.