యుద్ధకాలపు ఆంక్షలను ఎదిరించిన అనీబిసెంట్

మదనపల్లె: పట్టణవాసులు నిత్యం పలికే బి.టి. కళాశాల పేరులోని తొలి అక్షరం అనీబిసెంట్‌ది. 1847 అక్టోబరు 1న లండన్‌లో జన్మించి, 1893లో భారతదేశానికి వచ్చి, దివ్యజ్ఞాన సమాజ అధ్యక్షురాలిగా అడయారులో స్థిరపడిన ఆమె 1915లో ఈ విద్యాసంస్థను నెలకొల్పారు.

అదే ఏడాది మార్చిలో ఆంగ్ల ప్రభుత్వం భారత రక్షణ చట్టం తెచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం సాగుతున్నందున, విచారణ లేకుండానే ఎవరినైనా ఫలానాచోట ఉండమని, సభలకు వెళ్లరాదని ఆజ్ఞాపించే అధికారం ప్రభుత్వానికి దఖలుపడింది. చట్టం పేరు రక్షణ, పని నోరు మూయించడం. నిజానికి బిసెంట్ యుద్ధంలో ఆంగ్లేయుల ఓటమిని కోరలేదు. సామ్రాజ్యంలో భాగంగానే స్వపరిపాలన కావాలన్నారు. ఆ మాత్రమూ పాలకులకు సహించలేదు.

1916 సెప్టెంబరులో ఆమె హోంరూల్ లీగ్ స్థాపించగా, ఆంధ్ర ప్రాంతంలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఆ ఉద్యమ భారం వహించారు. ఆమె న్యూ ఇండియా పత్రిక నుంచి పత్రికా చట్టం కింద ప్రభుత్వం ధరావతు వసూలుచేసి, దానిని జప్తు చేసింది. విద్యార్థులు రాజకీయ సభలకు వెళ్లరాదన్న నిషేధమూ వెలువడింది. స్వరాజ్యోద్యమంలో పాల్గొన్న ఫలితంగా మదనపల్లె కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయ గుర్తింపును కోల్పోయింది.

1917 జూన్‌లో గవర్నరు లార్డ్ పెంట్‌లాండ్ ప్రభుత్వం బిసెంట్‌ను, సహచరులు అరండేల్, వాడియాలను నిర్బంధించింది. ప్రసంగాలు, రచనలు నిషిద్ధం. ఉత్తరాలపై తనిఖీ. నివాసానికి సూచించిన ఆరు ప్రాంతాలలో బళ్లారి జిల్లా, విశాఖపట్నం నగరం కూడా ఉండేవి. ఆమె నీలగిరిని ఎంచుకున్నారు. అప్పటికామెకు డెబ్బై ఏళ్లు నిండవచ్చాయి. ఉదకమండలంలోని బసలో ఎరుపు, ఆకుపచ్చ రంగుల హోంరూల్ పతాకాన్ని ఎగురవేశారు.

నిర్బంధం ఎదురుతిరిగింది. అంతవరకు దూరంగా ఉన్న జిన్నా వంటి నాయకులు లీగ్‌లో చేరారు. సర్ సుబ్రహ్మణ్య అయ్యర్ అమెరికా అధ్యక్షుడు విల్సన్‌కు లేఖ రాశారు. ఆగస్టు 20న మాంటేగు ప్రకటన వెలువడగా, సెప్టెంబరులో ఆమెను విడుదల చేయక తప్పలేదు. డిసెంబరులో కలకత్తా కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించారు. ఆ పీఠమెక్కిన తొలి మహిళ ఆమెయే.

1919లో రవీంద్రనాథ ఠాగూర్ మదనపల్లె కళాశాలలో బసచేసి జనగణమనను ఆంగ్లంలోకి అనువదించారు. యుద్ధం ముగిసినా అత్యవసర అధికారాలను కొనసాగించిన రౌలట్ చట్టం వచ్చింది ఆ ఏడాదే. దానిపై గాంధీజీ చేపట్టిన సత్యాగ్రహ పద్ధతిని అంగీకరించని బిసెంట్ క్రమంగా ప్రజాదరణకు దూరమయ్యారు. 1933 సెప్టెంబరు 20న అడయారులో కన్నుమూశారు.