ప్రౌఢదేవరాయలు – శరణ వాఙ్మయము

క్రీ.శ. 1167 ప్రాంతమున కల్యాణ పట్టణమున చెలరేగిన కల్లోలముతో బసవేశ్వరుని అనుభవ మంటపము చెదరిపోయెను. శరణులు తలకొక దిక్కునకు వెడలిరి. వారి వచనములు తాటాకు కట్టలలోను, భక్తుల నాలుకలపైనను మాత్రమే నిలిచెను. రెండున్నర శతాబ్దములకు పైగా గడచిన పిదప ఆ వచనరాశికి చల్లని నీడ దొరకెను. ఆ నీడ నొసగిన ప్రభువు విజయనగర చక్రవర్తి రెండవ దేవరాయలు. లోకము ఆయనను ప్రౌఢదేవరాయలని కొనియాడినది.

సంగమ వంశమున విజయరాయల కుమారుడై జన్మించిన ఈయన 1424 ప్రాంతమున సింహాసన మెక్కి 1446 వరకు పాలించెను. ఏనుగుల వేటలో ఆరితేరినవాడగుటచే గజబేటకారుడను బిరుదు వహించెను. ఉత్తరమున బహమనీ సుల్తానులు, తూర్పున గజపతులు కాచుకొని యుండగా రాజ్యమునకు నెమ్మది దానంతట అది రాదని ఆయన యెరుగును. సైన్యమును చక్కదిద్ది, విలువిద్యలోను అశ్వారోహణములోను నిపుణులైన మహమ్మదీయులను కొలువులో చేర్చుకొనెను. వారు తమ మతమునకు భంగము లేకుండ నమస్కరించుటకై సింహాసనము నెదుట ఖురాను నుంచెనని ఫెరిష్తా వ్రాసెను. కొలువులోని అహమ్మదుఖాను 1439లో రాజధానియందు మసీదు కట్టి, ఆ పుణ్యము రాయలకు చెందవలెనని శాసనము వేయించెను. అంతకుముందే 1426లో రాయలు తమలపాకుల వీథిలో పార్శ్వనాథునికి శిలామయ చైత్యాలయమును నిర్మించెను. విరూపాక్షుని పేర రాజ్యమేలిన శైవుడు అన్యమతముల కిట్లు చోటు చూపెను.

ఇంటింటి నెమ్మదికి సంబంధించిన శాసన మొకటి ఆ కాలమున వెలసెను. 1425 నాటి విరించిపుర శాసనము ప్రకారము పడైవీటి రాజ్యమందలి కన్నడ, తమిళ, తెలుగు, లాట బ్రాహ్మణులు కూడి, పెండ్లిలో బంగారము పుచ్చుకొనరాదనియు, కన్యాదానముగనే పిల్ల నీయవలెననియు కట్టడి చేసికొనిరి. మీరినవారికి రాజదండనమును వెలియును తప్పవని నిర్ణయించిరి. వివాహమును బేరముగా మార్చిన దురాచారము నేటికిని మనలను విడువలేదు గనుక ఈ మాట మరువదగినది కాదు.

ఈ రాజాశ్రయమున వీరశైవము చిగిర్చెను. దండనాయకుడైన లక్కణ్ణ కత్తి పట్టిన చేతితోనే గంటము పట్టి శివతత్త్వచింతామణి రచించెను. మంత్రి జక్కణార్యుడు మహాలింగదేవ, కుమార బంకనాథాది జంగములను ఆదరించి, నూటొక్క స్థలముల గ్రంథమును కూర్చెను. నూటొక్క విరక్తులు ఆ కాలమున విజయనగరమున విలసిల్లిరని సంప్రదాయము. చామరసు అల్లమప్రభువు చరిత్రను ప్రభులింగలీలగా కన్నడమున గానము చేసెను. చెదరిన వచనములను సేకరించి, క్రమపరచి, వ్యాఖ్యానించు పని ఈ తరమువారిదే. పాలకురికి సోమనాథుని తెలుగు బసవపురాణమును భీమకవి 1369లో కన్నడమునకు కొనిపోగా, చామరసుని కావ్యమును పిడుపర్తి సోమనాథుడు తెలుగునకు తెచ్చి ఆ ఋణము తీర్చెను.

తెలుగుసీమకును రాయలతో సంబంధము దగ్గరిది. శ్రీనాథ మహాకవి ఆయన సభలో గౌడ డిండిమభట్టును వాదమున గెలిచి కనకాభిషేకము పొందెనని ప్రసిద్ధి. కొండవీటి రెడ్డిరాజ్యము అస్తమించిన పిదప కృష్ణకు దక్షిణమునున్న ఆ సీమ విజయనగరమునకు లోబడెను. గోదావరీతీరమున రాజమహేంద్రవరపు రెడ్లు ఆయన అండ కోరిరి. ఏలూరు, ముదినేపల్లి, కొల్లేటి పరిసరములు ఈ రెండు కోటల నడుమ నున్నవి. ఏ కోట కూలినను ఈ పల్లెలకు నెమ్మది లేదు. 1444 ప్రాంతమున కపిలేశ్వర గజపతి రాజమహేంద్రవరముపై విరుచుకొనిపడగా, రాయలు మల్లప్ప ఒడెయరును సేనతో పంపి వీరభద్రారెడ్డిని కాచెను.

హీరాతు నుండి షారూఖు దూతగా 1443లో విజయనగరమునకు వచ్చిన అబ్దుర్ రజాకు ఏడు ప్రాకారముల ఆ నగరమును, అంగళ్లలో బహిరంగముగ అమ్ముడగు రత్నములను, మహర్నవమి వైభవమును చూచి విస్మయమందెను. అయినను ఆ కాంతి వెనుక చీకటి లేకపోలేదు. దూత వచ్చుటకు కొంచెము ముందు రాయల సోదరుడే విందు నెపమున పలువురు ప్రముఖులను వధించి, రాయలను సైతము పొడిచెను. రాయలు గాయములతో బ్రతికెను. అదే యేట రాయచూరు అంతర్వేదికై బహమనీలతో యుద్ధము జరిగి, సంధితో ముగిసెను.

1446లో ఆయన కన్నుమూసెను. రెండేండ్లకే రాజమహేంద్రవరము, 1454లో కొండవీడు గజపతుల వశమాయెను. ఒక్కని భుజములపై నిలిచిన శాంతి ఆ భుజములతోనే ఒరిగెను. కాని ఆ ఇరువది రెండేండ్ల నీడలో శరణుల వాక్కు లిఖితమై, క్రోడీకృతమై నిలిచినది. తరువాతి తుపానులు దానిని తుడిచివేయలేకపోయినవి.

లక్కణ్ణ, జక్కణార్యులు రాజకార్యమును కాయకముగను, గ్రంథరక్షణమును దాసోహముగను భావించి సాగించిరి. నేడు మన మఠముల పెట్టెలలోను, ఇండ్ల అటకలపైనను చెదపురుగుల పాలగుచున్న తాటాకు పొత్తములకు వారివంటి రక్షకులు కావలెను. అందులకు చక్రవర్తి యవసరము లేదు. దుమ్ము దులిపి, విప్పి, చదివి, వ్రాసిపెట్టు భక్తు డొక్కడు ఇంటికి చాలును.