రాజ్యాంగ సభలో ఏకైక ముస్లిం మహిళ బేగం ఏజాజ్ రసూల్

మన రాజ్యాంగాన్ని రూపొందించిన రాజ్యాంగ సభలో పదిహేను మంది మహిళలు ఉండేవారు. వారిలో రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి పేరు తెలుగు వారందరికీ తెలుసు. హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడి పేరూ తెలుసు. అయితే ఆ పదిహేను మందిలో ఒకే ఒక ముస్లిం మహిళ ఉన్నారనీ, ఆమె పేరు బేగం ఏజాజ్ రసూల్ అనీ చెప్పగలిగిన వారు మన కుటుంబాల్లో కూడా అరుదు. చట్టసభల్లో ముస్లింలకు ప్రత్యేకంగా సీట్లు ఉండాలా వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆమె తీసుకున్న నిర్ణయం మీద మంచిచెడ్డల చర్చ నేటికీ ముగియలేదు. అందుకే ఆమె జీవితాన్ని మన పిల్లలకు తెలియజెప్పడం అవసరమని మేము భావిస్తున్నాము.

ఆమె అసలు పేరు ఖుద్సియా. 1909లో పంజాబులోని మాలేర్‌కోట్లా పాలక వంశంలో జన్మించారు. తండ్రి సర్ జుల్ఫిఖార్ అలీఖాన్ అల్లామా ఇక్బాల్‌కు మిత్రులు. ఇక్బాల్ కవిత్వాన్ని పరిచయం చేస్తూ 1922లో ఇంగ్లీషులో ఒక పుస్తకం కూడా రాశారు. తల్లి మహమూదా సుల్తానా లోహారూ నవాబు అలాయుద్దీన్ అహ్మద్ ఖాన్ కుమార్తె. మీర్జా గాలిబ్ ఉత్తరాలు చదివిన వారికి ఈ అలాయుద్దీన్ పేరు పరిచితమే. ఆయన గాలిబ్ ప్రియ శిష్యుల్లో ఒకరు. ఈ విధంగా ఆ ఇంట్లో సిరిసంపదలతో పాటు ఇల్మ్, అదబ్ కూడా ఉండేవి.

ఆడపిల్లను కాన్వెంటులో చదివించరాదని ఫత్వా వచ్చినా తండ్రి ఆమె చదువు మాన్పించలేదు. ఆమె లాహోరులోనూ సిమ్లాలోనూ చదువుకున్నారు. చిన్న వయసులోనే తండ్రికి కార్యదర్శిలా సాయపడుతూ సభలు, సమావేశాలు ఎలా నడుస్తాయో దగ్గర నుంచి గమనించారు. ఆడపిల్ల చదువులో తండ్రి చూపే పట్టుదల ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

1929లో నవాబ్ సయ్యద్ ఏజాజ్ రసూల్‌తో ఆమె నికాహ్ జరిగింది. ఆయన అవధ్ ప్రాంతంలోని హర్దోయీ జిల్లా సందీలాకు చెందిన తాలూక్‌దారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. నిజాం రాజ్యంలో తాలూక్‌దారు అంటే జిల్లా అధికారి. అవధ్‌లో తాలూక్‌దారు అంటే ఊళ్లకు ఊళ్లు ఏలుకునే పెద్ద జమీందారు. తండ్రి మరణించిన తర్వాత ఆమె సందీలాలోని అత్తవారింటికి చేరారు. భర్త పేరుతోనే లోకానికి పరిచయమయ్యారు. పర్దా ఆచారం గట్టిగా ఉన్న ఆ పరిసరాల్లో ఒక జమీందారీ కోడలు ఓట్లు అడగడానికి బయలుదేరుతుందని ఎవరూ ఊహించి ఉండరు.

1935 చట్టం వచ్చాక భార్యాభర్తలిద్దరూ ముస్లిం లీగులో చేరి ఎన్నికల బరిలో దిగారు. 1937లో బేగం గారు సంయుక్త రాష్ట్రాల, అంటే నేటి ఉత్తరప్రదేశ్, శాసనమండలికి పోటీ చేశారు. స్త్రీలకు కేటాయించిన స్థానం నుంచి కాదు, పురుషులు కూడా పోటీ చేసే స్థానం నుంచి. పర్దా పాటించని స్త్రీకి ఓటు వేయడం ఇస్లాంకు విరుద్ధమని కొందరు ఉలమా ఫత్వా ఇచ్చారు. అయినా ఓటర్లు ఆమెనే గెలిపించారు. మదర్సాలో చదువుకున్న మేము ఫత్వా విలువను తక్కువ చేయము. అది ఒక ప్రశ్నకు ఒక ఆలిమ్ ఇచ్చే అభిప్రాయం. ఆనాటి ఓటర్లు దాన్ని విన్నారు, అభ్యర్థి సామర్థ్యాన్ని చూశారు, తమ నిర్ణయం తాము తీసుకున్నారు. 1937 నుంచి 1940 వరకు ఆమె ఆ మండలికి ఉపాధ్యక్షురాలిగా పనిచేశారు. ఒక ముస్లిం మహిళ అధ్యక్ష స్థానంలో కూర్చుని సభ నడపడం ఆ రోజుల్లో సామాన్య విషయం కాదు.

ఆమెలో మరో విశేషం ఉంది. జమీందారీ ఇంటి కోడలై ఉండి కూడా జమీందారీల రద్దును గట్టిగా సమర్థించారు. తన ఇంటి ఆదాయానికే గండి కొట్టే చట్టాన్ని మంచిదనడానికి ఎంత నిజాయితీ కావాలో పాఠకులే ఆలోచించాలి.

1946లో ఆమె లీగు తరఫున రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. లీగు సభ్యులు మొదట ఆ సభను బహిష్కరించారు. విభజన ఖాయమయ్యాక, 1947 జులైలో, భారతదేశంలో ఉండిపోయే ప్రాంతాల లీగు సభ్యులు సభలో ప్రవేశించారు. వారి నాయకుడు చౌధురీ ఖలీకుజ్జమాన్, ఉపనాయకురాలు బేగం గారు. కొద్ది కాలానికే ఖలీకుజ్జమాన్ పాకిస్తాన్ వెళ్లిపోయారు. నాయకుడు వెళ్లిపోయాడు, పార్టీ ఛిన్నాభిన్నమైంది, ముస్లింలను అనుమానంతో చూసే రోజులు వచ్చాయి. అటువంటి సమయంలో ఆ నాయకత్వ భారం ఆమె మీద పడింది.

అప్పటి పెద్ద ప్రశ్న ఏమిటో కాస్త వివరిస్తాము. 1909 నుంచి ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు ఉండేవి. అంటే ముస్లిం సభ్యుణ్ణి ముస్లిం ఓటర్లే ఎన్నుకునేవారు. 1947 ఆగస్టులో రాజ్యాంగ సభ ఆ పద్ధతిని తీసివేసింది. అందరూ కలిసి ఓటు వేయాలి, అయితే కొన్ని సీట్లు ముస్లింలకు కేటాయించాలి అని అప్పట్లో అనుకున్నారు. 1949 మే నాటికి ఆ కేటాయింపు కూడా అవసరమా అన్న చర్చ వచ్చింది. మద్రాసుకు చెందిన ముహమ్మద్ ఇస్మాయిల్ సాహెబ్ ప్రత్యేక నియోజకవర్గాలే కావాలని పట్టుబట్టారు. తన వారు ఎన్నుకోని మనిషి తన వారి కష్టం చెప్పలేడన్నది ఆయన వాదన. అస్సాంకు చెందిన సాదుల్లా సాహెబ్ సీట్ల కేటాయింపు కొనసాగాలన్నారు.

బేగం గారి ఆలోచన వేరు. ప్రత్యేక ఏర్పాటు మైనారిటీకి కవచంలా కనబడుతుంది గాని, చివరికి తనకే గాయం చేసే ఆయుధమవుతుందని ఆమె భావించారు. అది మైనారిటీని మెజారిటీ నుంచి శాశ్వతంగా వేరు చేస్తుంది, అధిక సంఖ్యాకుల మనసు గెలుచుకునే అవకాశమే లేకుండా చేస్తుంది అన్నది ఆమె వాదన సారాంశం. దాన్ని మన మాటల్లో చెప్పుకుంటే, మన ఓటు అవసరం లేని నాయకుడు మన గుమ్మం ఎక్కడు, మన వీధిలో నల్లా వస్తున్నదో లేదో అడగడు. మౌలానా హస్రత్ మోహానీ, బీహారుకు చెందిన తజమ్ముల్ హుసేన్ కూడా కేటాయింపును వ్యతిరేకించారు. ముస్లిం సభ్యులను ఈ అభిప్రాయానికి తీసుకురావడంలో బేగం గారి కృషి పెద్దది. 1949 మే 26న మతపరమైన సీట్ల కేటాయింపును రద్దు చేసే తీర్మానం నెగ్గింది.

ఆమె నిర్ణయం సరైనదేనా? ఇందులో మనవారిలో ఏకాభిప్రాయం లేదు. తొలి లోక్‌సభ నుంచి 2024 ఎన్నికల దాకా లోక్‌సభకు గెలిచిన ముస్లిం మహిళలు ఇరవై మందికి మించలేదు. ఈ లెక్క చూసి కేటాయింపు ఉండవలసిందనే వారి బాధను మేము కాదనము. కానీ ఒక విషయం మరువరాదు. ఆమె ఇతరులకు చెప్పిన దారిలో ముందు తాను నడిచారు. స్త్రీలకు విడిచిన సీటు కోసం చూడకుండా 1937లోనే పురుషులతో పోటీపడి గెలిచారు. నమ్మకం ఇచ్చి నమ్మకం అడగాలన్నది ఆమె పద్ధతి. ఆ నమ్మకాన్ని నిలబెట్టే బాధ్యత మాత్రం ఒక్క మైనారిటీ మీదే లేదు. గెలిచే స్థానంలో ముస్లిం మహిళను నిలబెట్టని ప్రతి పార్టీ ఆ బాకీ ఇంకా తీర్చవలసే ఉంది.

తర్వాతి కాలంలో ఆమె కాంగ్రెసులో చేరారు. 1950 నుంచి 1952 వరకు ఉత్తరప్రదేశ్ శాసనమండలిలో ప్రతిపక్ష నాయకురాలిగా ఉన్నారు. 1952లో రాజ్యసభకు ఎన్నికయ్యారు. 1969-71 మధ్య ఉత్తరప్రదేశ్‌లో సాంఘిక సంక్షేమం, మైనారిటీల శాఖలకు మంత్రి అయ్యారు. ఆడపిల్లల ఆటల మీద ఆమెకున్న శ్రద్ధ చాలామందికి తెలియదు. భారత మహిళా హాకీ సమాఖ్యకు ఇరవై ఏళ్లు అధ్యక్షురాలిగా ఉన్నారు. ఆమె పేరిట మహిళల హాకీ కప్పు కూడా నెలకొల్పారు.

2000లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చి గౌరవించింది. పర్దా నుంచి పార్లమెంటుకు అనే అర్థం వచ్చే పేరుతో ఆమె ఆత్మకథ ఇంగ్లీషులో వెలువడింది. 2001 ఆగస్టు 1న మర్హూమా కన్నుమూశారు. మన ఇళ్లలో ఓటు హక్కు వచ్చిన ప్రతి ఆడపిల్ల పేరు ఓటర్ల జాబితాలో ఉన్నదో లేదో ఈ వారమే చూసుకుందాం. చదువుకునే బిడ్డకు ఈ మహిళ కథ చెబుదాం.