రాళ్ళకు చిరునామా వ్రాసిన రాబర్ట్ బ్రూస్ ఫుట్

కట్టంగూరు చుట్టుప్రక్కల గుట్టలు ఎక్కిన వారికి ఒక సంగతి తెలిసియే యుండును. ఇక్కడి రాయి గ్రానైటు. భూమి లోతులలో కరగి గడ్డకట్టిన ఆ రాతిలో శిలాజమన్నది దొరకదు. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ నేలలో దొరకునవి మనుష్యుడు విడిచిపోయిన వస్తువులు: నూరి నునుపు చేసిన రాతిగొడ్డళ్ళు, బండలు నిలిపి కట్టిన సమాధులు. ఆ సమాధులను పల్లెవాండ్రు రాకాసిగుళ్ళు అందురు. నాగలికి తగిలిన రాతిగొడ్డలిని రైతు చెట్టుక్రింది దేవత దగ్గర పెట్టి దండము పెట్టును. చదువుకొన్నవాడు దానిని సంచిలో వేసికొని పోయి ఇంటి అలమరలో పెట్టుకొనును. రైతు చేసిన పని ఊరు దాటలేదు. చదువుకొన్నవాడు ఊరి పేరును కూడ మరచిపోవును. ఈ రెండవ అపచారము తలపునకు వచ్చినప్పుడెల్లా నాకు రాబర్ట్ బ్రూస్ ఫుట్ జ్ఞాపకము వచ్చును.

ఫుట్ 1834లో ఇంగ్లండులోని చెల్టెన్‌హాములో జన్మించినారు. 1858లో భారత భూవిజ్ఞాన సర్వే శాఖలో చేరి మద్రాసు వచ్చినారు. ఆయన మామగారు పీటర్ పెర్సివల్ తమిళములో పండితుడు. 1862లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు నొకదానిని కూడ ప్రకటించిన వాడు. మామగారు మాటలు ఏరినాడు, అల్లుడు రాళ్ళు ఏరినాడు అని నేను తరగతిలో విద్యార్థులతో అనుచుందును.

1863 మే 30వ తేదీన మద్రాసు దగ్గరి పల్లావరములో, ఒక కంకరగుంటలో ఫుట్‌కు చెక్కిన రాయి ఒకటి కనబడినది. అది ప్రాచీన శిలాయుగపు పరికరము. కొద్ది నెలలకే సహోద్యోగి విలియం కింగుతో కలిసి అత్తిరంపాక్కములో ఇంకను అనేకము కనుగొన్నారు. ఈ దేశములో మానవుని చరిత్ర వేదకాలముతోనో, పురాణకాలముతోనో ప్రారంభము కాలేదని, అంతకు ఎంతో ముందు మనిషి ఈ నేలపై రాయి చెక్కుకొని బ్రదికినాడని అప్పటినుండి శాస్త్రజ్ఞులకు నమ్మకము కలిగినది. రాయి ఒక్కటియే అయితే ఆ నమ్మకము కలుగదు. అది ఏ గుంటలో, ఏ పొరలో ఉండినదో వ్రాసిపెట్టుటచేతనే కలిగినది. పొర పేరు పోయిన వస్తువు సాక్ష్యము చెప్పలేదు.

ఆ తరువాత దాదాపు ముప్పది ఏండ్లు ఆయన దక్షిణాపథమంతయు తిరిగినారు. సర్వే శాఖ అప్పగించిన పని భూమిలోని రాతిపొరలకు పటములు గీయుట. ఆ త్రోవలోనే పనిముట్లు, కుండపెంకులు ఏరుచు, దొరకిన తావు వ్రాసికొనుచు పోయినారు.

1883లో ఇంగ్లండునుండి హక్స్‌లీ పండితుడు మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు ఒక సూచన పంపినాడు: కర్నూలు గుహలను త్రవ్వించి చూడవలెనని. బేతంచెర్ల దగ్గరి ఆ గుహలను బిల్లసర్గము అందురు. బిలస్వర్గమే జనుల నోట అట్లు మారినది కాబోలు. న్యూబోల్డ్ అను సైనికాధికారి 1844లోనే వాటిని గురించి వ్రాసియుండెను. ఫుట్ అక్కడ పని ప్రారంభించగా, మరుసటి యేట ఆయన కుమారుడు, సైనికోద్యోగి, హెన్రీ బ్రూస్ ఫుట్ కొనసాగించినాడు. గుహల మట్టిలో వేలకొలది ఎముకలు వెలువడినవి. లిడెక్కర్ వాటిని పరిశీలించి 1886లో ప్రకటించినాడు. వానిలో ఒక ఖడ్గమృగమునకు కర్నూలు పేరే పెట్టినాడు. ఇప్పుడా ప్రాంతములో ఖడ్గమృగము ఊహకు కూడ అందదు.

ఆ ఎముకలలో కొన్నింటిని మనుష్యుడు చెక్కి పనిముట్లుగా చేసికొన్నాడని ఫుట్ చెప్పినారు. ఇక్కడనే చిక్కు వచ్చినది. ఆ ఎముక పనిముట్లు కాలక్రమమున జాడ తెలియక పోయినవి. వస్తువు లేనిదే మాటను ఎట్లు నమ్ముట? ఎందరో సందేహించినారు. 1970 దశకములో ఎం.ఎల్.కె. మూర్తి కర్నూలు ప్రాంతపు ముచ్చట్ల చింతమాను గవిలో త్రవ్వి ఎముక పనిముట్లను మరల వెలికి తీయు వరకు, ఫుట్ మాట నెరవేరని సాక్ష్యముగనే యుండెను. సేకరించుటలో చూపిన శ్రద్ధ కాపాడుటలో లోపించినచో ఎంత నష్టమో ఇంతకన్న చెప్పనక్కరలేదు. బిల్లసర్గములో మిగిలియున్న పొరలను ఆధారము చేసికొని 2014లో మరియొక పరిశోధక బృందము సుమారు 2 లక్షల సంవత్సరముల జంతుజాలపు కథ వ్రాసినది. మిగిల్చి పోయినది తరువాతి వానికి పనికివచ్చినది. తీసినదానిలో కొంత పోయినది.

మన మహబూబ్‌నగర్ నేలకును ఫుట్ బాకీ యున్నది. బళ్ళారి ప్రాంతపు బూడిదదిబ్బలను గురించి రకరకముల ఊహలుండగా, అవి నవశిలాయుగపు పశుపాలకుల పేడకుప్పలు కాలగా ఏర్పడినవని ఆయన తలచినారు. 1957లో ఆల్చిన్ దొర అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు దిబ్బను త్రవ్వగా, ఆవుల గిట్టల గుర్తులు సైతము కనబడినవి. ఆ దిబ్బను త్రవ్వకముందే ఎవరో బూడిదను బండ్లకెత్తి పొలాలకు తోలియుండినచో ఆ గిట్టల గుర్తులు మనకు దక్కెడివా?

1891లో ఫుట్ సర్వే నుండి విరమించినారు. తరువాత బరోడా, మైసూరు సంస్థానములకు పనిచేసినారు. నలువది ఏండ్ల సేకరణను 1904లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియమునకు అమ్మినారు. అమ్ముట ఏమిటని అడుగువారు ఉండవచ్చును. నాకును ఆ ప్రశ్న తోచినది. కాని ఆ వస్తువులు ముక్కలు ముక్కలుగా లండను వేలములలో చెదరిపోలేదు. ఒక్కచోటనే, ఈ నేలమీదనే నిలిచినవి. ధర తీసికొన్నందుకు ఆక్షేపించువాడు, ఉచితముగా ఇచ్చెదనని ఇంట దాచుకొని, వారసుల చేతిలో పారవేయించినవాని మాట కూడ చెప్పవలెను.

శిలాజ స్థలముల రక్షణకై కేంద్ర ప్రభుత్వము 2022లో ఒక ముసాయిదా బిల్లును ప్రజల ముందు పెట్టినది. అంతవరకు ఆ పని చాలవరకు ఫుట్ వంటివారి మనస్సాక్షి మీదనే ఆధారపడి యుండెను.

ఉద్యోగముల తరువాత ఏర్కాడులో స్థిరపడిన ఆయన 1912 డిసెంబరు 29న కలకత్తాలో మరణించినారు. తన సంగ్రహమునకు ఒక్కొక్క వస్తువునకు సంఖ్య వేసి, దొరకిన ఊరు చెప్పి వ్రాసిన పట్టిక 1914లోను, వాని కాలమును గురించిన వివరణ 1916లోను మద్రాసులో అచ్చయినవి. అచ్చులో ఆయన చూడలేదు. ఆ పట్టికలో నాటి హైదరాబాదు రాజ్యపు ఊళ్ళ పేర్లును కలవు.