గిండీ కళాశాల తలుపు తెరిపించిన తెలుగింటి ఆడపడుచు

చెన్నై: ఇంజినీరింగ్ కళాశాలల్లో విద్యార్థినులు కనిపించడం నేడు విశేషమేమీ కాదు. కానీ 1940లో గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో వందలాది యువకుల నడుమ ఒకే ఒక్క యువతి అడుగుపెట్టినప్పుడు అది మద్రాసు నగరమంతా వింతగా చూసిన విషయం. ఆమె పేరు అయ్యలసోమయాజుల లలిత. అప్పటికే ఆమె భర్తను కోల్పోయి మూడేళ్లయింది. ఇంట్లో ఆమె కోసం ఎదురుచూసే మూడేళ్ల పసిపాప ఉంది. ఘనత కోసమో, పేరు కోసమో కాక బిడ్డను తన కాళ్ల మీద నిలబడి పెంచుకోవాలన్న తలంపుతోనే ఆమె ఆ చదువుకు సిద్ధపడ్డారు. ఆ తలంపే ఆమెను దేశంలో తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజినీరును చేసింది.

ఇంజినీర్ల ఇంట పుట్టి...

లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో తెలుగు కుటుంబంలో జన్మించారు. ఏడుగురు సంతానంలో ఆమె అయిదో వారు. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ కళాశాలలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ఆచార్యులు. సోదరులు ఇంజినీరింగ్ చదివారు. ఆడపిల్లలకు మాత్రం ఆనాటి ఆచారం ప్రకారం కొద్దిపాటి చదువు, ఆపై పెళ్లి. లలితకూ పదిహేనో ఏటనే వివాహమైంది. అయితే పెళ్లితో చదువు ఆగిపోరాదన్న తండ్రి పట్టుదల వల్ల ఆమె ఎస్‌.ఎస్‌.ఎల్‌.సి. వరకు చదివారు.

పద్దెనిమిదేళ్లకే వైధవ్యం

1937లో ఆమెకు కుమార్తె పుట్టింది. పాపకు నాలుగో నెల నిండే సరికి భర్త మరణించారు. అప్పటికి లలిత వయసు పద్దెనిమిదేళ్లు. కందుకూరి వీరేశలింగం పంతులు రాజమహేంద్రవరంలో 1881లోనే తొలి వితంతు వివాహం జరిపించినా, అర్ధ శతాబ్దం గడిచిన తర్వాత కూడా బాల వితంతువుల బతుకుల్లో పెద్దగా మార్పు రాలేదు. తల ముండనం, ఒంటిపూట భోజనం, వంటింటి మూల జీవితం అనేకుల పాలిట విధిగానే మిగిలాయి. లలిత ఆ దారిన నడవలేదు. మళ్లీ పెళ్లి మాటా తలపెట్టలేదు. ఒకరి దయ మీద ఆధారపడకుండా బతకాలంటే వృత్తి విద్య అవసరమని నిశ్చయించుకున్నారు. క్వీన్ మేరీస్ కళాశాలలో చేరి ఇంటర్మీడియట్ ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు.

వైద్యం వద్దనుకుని...

ఆనాడు చదువుకున్న స్త్రీకి వైద్య వృత్తి కొంత పరిచితమైనదే. లలిత కూడా ఆ సంగతి ఆలోచించారు. కానీ అర్ధరాత్రి పిలుపు వచ్చినా పసిబిడ్డను వదిలి వెళ్లవలసిన ఉద్యోగం తనకు తగదని భావించారు. ఉదయం వెళ్లి సాయంత్రం ఇంటికి చేరుకోగల పని కావాలి. తండ్రి, సోదరుల మాటల్లో చిన్ననాటి నుంచి వింటున్న ఇంజినీరింగ్ వైపు ఆమె మనసు మొగ్గింది.

చిక్కల్లా ప్రవేశం దగ్గర వచ్చింది. 1794లో సర్వే పాఠశాలగా మొదలైన ఆ సంస్థ చరిత్రలో అంతవరకు విద్యార్థిని లేదు. సుబ్బారావు ప్రిన్సిపాల్ కె.సి.చాకోతో మాట్లాడారు. విద్యాశాఖ డైరెక్టర్ ఆర్‌.ఎం.స్టాథమ్‌కు విన్నపం పంపారు. ఇద్దరూ అడ్డు చెప్పలేదు. 1940లో లలితకు నాలుగేళ్ల ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ కోర్సులో సీటు లభించింది.

తోడు కోసం ప్రకటన

తరగతిలో ఆమెకు ఇబ్బంది కలగలేదు. తోటి విద్యార్థులు గౌరవంగానే మెలిగారు. చదువు ముగిశాక సాయంత్రాలే బరువుగా గడిచేవి. వసతిగృహంలో మాట్లాడేందుకు మరో ఆడపిల్ల లేదు. కుమార్తె బంధువుల ఇంట పెరుగుతుండగా వారాంతాల్లో వెళ్లి చూసి వచ్చేవారు. ఈ ఒంటరితనం గమనించిన తండ్రి, మహిళలకూ ప్రవేశం ఉందని పత్రికల్లో ప్రకటన వెలువడేలా చూశారు. మరుసటి ఏడాది లీలమ్మ జార్జ్, పి.కె.త్రేసియా సివిల్ ఇంజినీరింగ్‌లో చేరారు. అలా ఒకరి కోసం తెరిచిన తలుపు ముగ్గురికి దారి ఇచ్చింది. త్రేసియా 1971లో కేరళ ప్రజాపనుల శాఖ చీఫ్ ఇంజినీరు పదవిని అలంకరించారు.

రెండో ప్రపంచ యుద్ధం కారణంగా విశ్వవిద్యాలయం కోర్సుల కాలాన్ని కుదించడంతో ఏడాది వెనుక చేరిన ఆ ఇద్దరూ లలితతో పాటే చదువు ముగించారు. పట్టాల మీద అభ్యర్థిని పురుషుడిగా సూచించే ఆంగ్ల పదమే అచ్చయి ఉండేది. ఈ ముగ్గురి కోసం అధికారులు ఆ పదాన్ని కొట్టివేసి స్త్రీని సూచించే పదం చేర్చవలసి వచ్చింది. పట్టా ముద్రించిన వారికి కూడా స్త్రీ ఇంజినీరు ఊహకు అందలేదన్న మాట.

పొగరాని పొయ్యి, విద్యుత్ వాద్యం

పట్టా పొందేందుకు అవసరమైన ప్రాయోగిక శిక్షణను లలిత బీహారులోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పొందారు. తదుపరి సిమ్లాలోని కేంద్ర ప్రమాణాల సంస్థలో ఇంజినీరింగ్ సహాయకురాలిగా చేరారు. అక్కడ సోదరుని ఇంట ఉండటంతో బిడ్డకు కూడా నీడ దొరికింది. ఉద్యోగం చేస్తూనే లండన్‌లోని స్ట్రక్చరల్ ఇంజినీర్ల సంస్థ నిర్వహించే పరీక్షకు హాజరయ్యారు. 1946 చివర ఆ ఉద్యోగం విడిచి మద్రాసుకు తిరిగి వచ్చి తండ్రి పరిశోధనల్లో చేయి కలిపారు. విద్యుత్తుతో పలికే జెలెక్ట్రోమోనియం అనే వాద్యం, పొగరాని పొయ్యి, విద్యుత్తుతో మంట పుట్టించే సాధనం వారి ప్రయోగాల్లో ముఖ్యమైనవి. పని ఆమెకు నచ్చింది. అయితే కుమార్తె చదువుకు స్థిరమైన ఆదాయం కావాలి. ఇష్టాన్ని పక్కన పెట్టి మళ్లీ ఉద్యోగ ప్రయత్నం చేశారు.

కలకత్తాలో ముప్ఫై ఏళ్లు

1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ సంస్థలో ఆమె చేరారు. మరో సోదరుని కుటుంబం ఆ నగరంలోనే ఉండటం అందుకు వీలు కల్పించింది. విద్యుత్ సరఫరా లైన్ల రూపకల్పన, సబ్‌స్టేషన్ల అమరిక, రక్షణ పరికరాల ఎంపిక ఆమె బాధ్యతలు. విద్యుత్ కేంద్రంలో పుట్టిన కరెంటును దూర ప్రాంతాలకు పంపాలంటే వోల్టేజిని పెంచాలి, ఊళ్లకు చేరాక మళ్లీ తగ్గించాలి. సబ్‌స్టేషన్లలోని ట్రాన్స్‌ఫార్మర్లు ఆ పని చేస్తాయి. తీగ తెగినా, పిడుగు పడినా చెడిన భాగాన్ని రిలేలు, బ్రేకర్లు క్షణంలో వేరు చేయాలి. ఈ లెక్కలో పొరపాటు దొర్లితే ఊళ్లకు ఊళ్లు చీకటిలో మునుగుతాయి.

ఆమె పాలుపంచుకున్న నిర్మాణాల్లో ప్రధానమైనది భాక్రా నంగల్. 1963లో జాతికి అంకితమైన భాక్రా ఆనకట్ట ఎత్తు సుమారు 226 మీటర్లు. అక్కడి విద్యుత్ జనరేటర్ల పనిలో లలిత కృషి ఉంది. వితంతువు ఒంటరిగా ఊళ్లు తిరగడాన్ని ఆనాటి సంఘం హర్షించకపోవడంతో ఆమె పని చాలావరకు కార్యాలయంలోని నమూనాల దగ్గరే సాగింది. ఆనకట్టలు కాగితం మీద ఆమె చేతుల మీదుగా నడిచినా, నిర్మాణ స్థలాలు ఆమెకు దూరంగానే ఉండిపోయాయి.

సముద్రాలు దాటిన గుర్తింపు

లండన్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజినీర్స్ 1953లో ఆమెను అసోసియేట్ సభ్యురాలిగా, 1966లో పూర్తి సభ్యురాలిగా ఎన్నుకుంది. 1964లో న్యూయార్క్ నగరంలో మహిళా ఇంజినీర్లు, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సు జరిగింది. భారతదేశంలో ఆ కోవకు చెందిన సంఘమేదీ లేకపోయినా లలిత వ్యక్తిగత హోదాలో హాజరయ్యారు. మరుసటి ఏడాది లండన్‌లోని మహిళా ఇంజినీరింగ్ సొసైటీలో సభ్యత్వం స్వీకరించారు. 1967లో కేంబ్రిడ్జిలో జరిగిన రెండో సదస్సుకు మన దేశం తరఫున ప్రతినిధిగా వ్యవహరించారు.

తొలుత చేరిన సంస్థ జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ చేతికి మారినా ఆమె అందులోనే కొనసాగి 1977లో పదవీ విరమణ చేశారు. ఆపై అక్కచెల్లెళ్లతో కలిసి దక్షిణాది యాత్రలు చేశారు. విశ్రాంతి కాలం మాత్రం ఎక్కువ రోజులు దక్కలేదు. 1979 అక్టోబరు 12న అరవయ్యో ఏట కన్నుమూశారు.

లలిత కోరినది చాలా చిన్నది: నెలనెలా జీతం, సాయంత్రానికి ఇంటికి చేరే ఉద్యోగం, కూతురికి మంచి చదువు. ఆ మూడూ సాధించారు. ఆమె పెంచిన కుమార్తె విజ్ఞాన రంగంలో ఉన్నత విద్య అభ్యసించారు. తెలుగు నాట ఆడపిల్ల ఇంజినీరింగ్ సీటు కోసం కౌన్సెలింగ్ వరుసలో నిలబడితే నేడు ఎవరూ వింతగా చూడరు. అలా చూడని రోజు రావడానికి, పద్దెనిమిదేళ్లకే వైధవ్యం పొందిన ఒక తల్లి తన బిడ్డ కోసం ఒంటరిగా గడిపిన గిండీ వసతిగృహపు సాయంత్రాలూ కారణమే.