ఇంట ఏమున్నది?

ధ్యాన భాగము: 2 రాజులు 4:1–7

అప్పులవాడు కుమారులను దాసులుగా కొనిపోవుటకు వచ్చినప్పుడు ఒక విధవరాలు ఎలీషాను వేడుకొనెను. ప్రవక్త ఆమె చేతిలో డబ్బు పెట్టలేదు; ఇంట ఏమున్నదని అడిగెను. కొంచెము నూనె మాత్రమే యుండెను. దానితోనే దేవుడు ఆ ఇల్లు నిలిపెను. ప్రియ సహోదరులారా, ఇట్టి సేవకు మన మెదక్ చరిత్రలో ఒక సాక్ష్యము కలదు.

చార్లెస్ వాకర్ పోస్నెట్ 1870లో ఇంగ్లండు దేశమున జన్మించెను. 1895లో వెస్లియన్ మిషనరీగా సికింద్రాబాదు వచ్చి, మొదట సైనికుల మధ్య పరిచర్య చేసెను. పిమ్మట పల్లె ప్రజలను వెదకుచు మెదక్ చేరెను.

మొదటి ప్రపంచ యుద్ధ కాలమున ఈ ప్రాంతమునకు కరవు వచ్చెను. జనులు ఇండ్లు విడిచి, పిల్లలను వెంటబెట్టుకొని, తిండి వెదకుచు బయలుదేరిరి. అనేకులు మెదక్ మిషను వారిని ఆశ్రయించిరి. గంజి పోసి పంపివేయుట సులభమే. కాని పోస్నెట్ దొరగారు వారికి పని చూపి, ఆ పనికి అన్నము పెట్టుటకు నిశ్చయించెను. వచ్చినవారు పుట్టు బిచ్చగాండ్రు కారు. నిన్నటివరకు దున్నినవారు, త్రవ్వినవారు, బరువులు మోసినవారు. కరవు వారి పంటను తీసికొనెను గాని పనితనమును తీసికొనలేదు.

ఆ విధముగా 1914లో ఆరంభమైన మెదక్ దేవాలయము పదేండ్లు కట్టబడి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. దాని పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురము ఎత్తు 175 అడుగులు. నేల పలకలు బ్రిటనునుండి వచ్చినవి. రాళ్లు మోసిన చేతులు మాత్రము మన పల్లెలవి. పోస్నెట్ దొరగారు 1950లో ప్రభువునందు నిద్రించిరి.

శంకరంపేట సంఘములలో ఆ గుడిని చూడనివారు అరుదు. కాని దానిని ఎత్తినవారిలో ఆకలితో ఇల్లు విడిచినవారు కలరని ఎందరు తలంతురు?

నిలువనీడ లేనివాని లోటును గాక, మొదట వాని బలమును చూడవలెనని నేటి సమాజసేవకులు బోధించుచున్నారు. 1980 తరువాత అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయము వారు ఈ పద్ధతిని శాస్త్రముగా వ్రాసిరి. ఇందు ఒక జాగ్రత్త అవసరము. రోగికి, వృద్ధునికి, పసిబిడ్డకు పని అడుగక అన్నము పెట్టవలెను. బలము వెదకుట సహాయము ఎగవేయుటకు సాకు కారాదు.

బస్టాండులో పడుకొన్నవానికి రొట్టె ఇచ్చి తిరిగి వచ్చుట మంచిదే. వాని ప్రక్కన కూర్చుండి పేరేమి, ఊరేది, ఏ పని వచ్చునని అడుగుట ఇంకను మంచిది. వాడు మేస్త్రీ కావచ్చును, నేతగాడు కావచ్చును, గొఱ్ఱెల కాపరి కావచ్చును. ఆ పని దొరకు చోటికి వానిని తోడుకొని పోవుటకు మన సంఘములో ఒక్కరైనను లేరా?

ప్రార్థన: ప్రభువా, పొరుగువాని ఖాళీ చేతులలో నీవుంచిన నేర్పును చూచు కన్నులు మాకిమ్ము. ఆమేన్.